మూడు రంగుల మగ కూన కోసం ఇంకో ఈత చూడాలా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది రాజమహేంద్రవరం. రెండేళ్ల కిందట వానలో తడిసి మా మెట్ల కింద చేరిన పిల్లిని పెంచుకుంటున్నాం. పేరు చిట్టి. తెలుపు మీద నలుపు, ఎరుపు మచ్చలు. ఏడు వారాల కిందట ఐదు కూనల్ని పెట్టింది. ఒకటి ఎర్రటి మగది, ఒకటి నలుపు తెలుపు మగది, ఒకటి ఎరుపు తెలుపు ఆడది, ఒకటి తల్లిలాగే మూడు రంగుల ఆడది. ఐదోదానికీ మూడు రంగులే, కానీ అది మగదని మావారు అంటున్నారు. ఈ సంగతి మా మరిది స్నేహితుడి చెవిన పడింది. మూడు రంగుల మగపిల్లి లక్షల్లో పలుకుతుంది, ఇంటికి అదృష్టం అన్నాడు. అతని ద్వారా ఒకాయన ఫోన్ చేసి కొంటానంటున్నాడు, ముందు డీఎన్ఏ పరీక్ష ఖర్చుకు ఆరు వేలు పంపమంటున్నాడు. డాక్టరుగారేమో చిట్టికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమన్నారు. ఈ కూన మగది కాకపోతే ఇంకో ఈత చూసి చేయిద్దామని ఇంట్లో వాళ్ల మాట. ఏం చేయమంటారు? ఇంటర్ బైపీసీ చదివే మా అమ్మాయి ఇంకో మాట అడగమంది. మూడు రంగుల కూనలు రెండూ ఒకే కడుపున పుట్టాయి కదా, వాటి మచ్చలు ఒకదానికొకటి, తల్లికీ ఎందుకు కలవవు?

సమాధానం:

అమ్మా, ముందుగా ఆరు వేలు పంపకండి. కొనేవాడు డబ్బు ఇవ్వాలి గానీ అడగకూడదు. నిజంగా పరీక్ష చేయించుకోవాలనుకుంటే ఆ ఖర్చు అతనే పెట్టుకుంటాడు. ఆ నంబరు నుంచి మళ్లీ ఫోన్ వస్తే ఎత్తకండి. మీ ఇంటి అడ్రసు, కూనల ఫొటోలు కూడా ఇవ్వకండి.

రెండోది, చిట్టికి ఇంకో ఈత వద్దు. డాక్టరుగారు చెప్పిందే సరైన మాట. ఎందుకు వద్దో చెప్పాలంటే పిల్లి ఒంటి మీదికి ఆ మూడు రంగులు ఎలా వస్తాయో చెప్పాలి. కాస్త పెద్ద కథే. మీ అమ్మాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి, తన ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది.

పిల్లి ఒంట్లో ఒక్కో కణంలో 38 క్రోమోజోములు (జన్యువులను మోసే దారాల్లాంటివి) ఉంటాయి, అంటే 19 జతలు. అందులో ఒక జత ఆడా మగా తేల్చేది. మనలాగే ఆడపిల్లికి రెండు ఎక్స్‌లు, మగపిల్లికి ఒక ఎక్స్, ఒక వై. పిల్లి వెంట్రుక ఎరుపా నలుపా అన్నది నిర్ణయించే జన్యువు ఈ ఎక్స్ మీద ఉంది. మగపిల్లికి ఎక్స్ ఒక్కటే కాబట్టి దాని మీద ఎరుపు రాసి ఉంటే ఎర్రపిల్లి, నలుపు రాసి ఉంటే నల్లపిల్లి. రెండూ ఒకే ఒంటి మీద ఉండాలంటే రెండు ఎక్స్‌లు కావాలి, ఒకదాని మీద ఎరుపు, ఇంకోదాని మీద నలుపు ఉండాలి. అందుకే ఎరుపూ నలుపూ కలిసిన పిల్లి అంటే దాదాపు ఎప్పుడూ ఆడదే. ఆడపిల్లికి రెండు ఎక్స్‌ల మీదా ఎరుపే వస్తే అది ఎర్రటి ఆడపిల్లి అవుతుంది. ఎర్రపిల్లులన్నీ మగవే అని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. మీ ఇంట్లోనే ఒకటి పుట్టింది కదా.

ఆ ఎరుపు తెలుపు ఆడ కూన వల్ల మీకు ఇంకో సంగతి తెలుస్తుంది. దానికి రెండు ఎక్స్‌ల మీదా ఎరుపే ఉంది. ఒకటి చిట్టి ఇచ్చింది, రెండోది తండ్రి ఇచ్చింది. తండ్రికి ఉన్నది ఒక్క ఎక్స్. కాబట్టి ఆ కూన తండ్రి ఎర్ర గండుపిల్లే, ఇందులో అనుమానం లేదు. మూడు రంగుల కూనలు కూడా ఆ లెక్కకు సరిపోతాయి. తండ్రి నుంచి ఎరుపు, తల్లి నుంచి నలుపు. అదే ఎర్రతండ్రికి నల్లటి ఆడ కూన పుట్టదు. మగ కూనల రంగు చూసి మాత్రం తండ్రి గురించి ఏమీ చెప్పలేం. మగదానికి ఎక్స్ తల్లి నుంచే వస్తుంది, తండ్రి ఇచ్చేది వై. మీ ఎర్ర మగ కూనకు చిట్టి ఎరుపు ఎక్స్ వచ్చింది, నలుపు తెలుపు మగదానికి చిట్టి నలుపు ఎక్స్ వచ్చింది. ఒకే ఎదలో ఆడపిల్లి ఒకటికి మించి గండుపిల్లులతో కలిస్తే ఒకే ఈతలో కూనలకు వేరువేరు తండ్రులు ఉండొచ్చు కూడా. కాబట్టి ఆ రెండు మగ కూనల తండ్రి ఎవరన్నది చిట్టికే తెలియాలి.

ఇక ఒకే పిల్లి ఒంటి మీద ఒకచోట ఎరుపు, పక్కనే నలుపు ఎందుకు? రెండూ కలిసిపోయి ఒక గోధుమ రంగు ఎందుకు రాలేదు? జన్యుశాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

1949 నాటి మాట. కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోని లండన్ అనే ఊళ్లో మర్రే బార్ అనే ఆయన, ఆయన విద్యార్థి ఎవార్ట్ బెర్ట్రమ్ పిల్లుల నరాల కణాలను మైక్రోస్కోపులో చూస్తున్నారు. వాళ్లు వెతుకుతున్నది వేరే విషయం, నరం బాగా పనిచేశాక కణంలో ఏం మారుతుందని. కొన్ని పిల్లుల కణాల్లో కేంద్రకం లోపల ఒక నల్లటి చుక్క కనిపించింది, మరికొన్నిటిలో లేదు. ఏ పిల్లికి ఉంది, ఏ పిల్లికి లేదు అని తమ లెక్కల పుస్తకం తిరగేస్తే తేలింది ఏమిటంటే, చుక్క ఉన్నవన్నీ ఆడపిల్లులు. ఆ చుక్కనే ఇప్పుడు బార్ బాడీ అంటారు. మీ అమ్మాయి పాఠ్యపుస్తకంలో ఆ పేరు చదివే ఉంటుంది, దాన్ని మొదట పిల్లుల్లోనే చూశారన్న సంగతి తెలుసో లేదో. పదేళ్ల తర్వాత, 1959లో, సుసుము ఓనో అనే శాస్త్రవేత్త ఆ చుక్క మరేదో కాదు, గట్టిగా ముడుచుకుపోయిన ఒక ఎక్స్ క్రోమోజోమే అన్నారు. 1961లో ఇంగ్లండులోని హార్వెల్‌లో ఎలుకల మీద పనిచేస్తున్న మేరీ లయన్ ఆ సంగతులన్నీ ఒకచోటికి తెచ్చి అసలు విషయం బయటపెట్టారు. ఆడజీవి ఒంట్లో ప్రతి కణంలోనూ రెండు ఎక్స్‌లున్నా పనిచేసేది ఒక్కటే. రెండోది మూతపడుతుంది. తన వాదనకు ఎలుకలతో పాటు ఆమె చూపిన సాక్ష్యం ఎరుపూ నలుపూ కలిసిన పిల్లి ఒళ్లే.

ఏ ఎక్స్ మూతపడాలి? దీనికి ఒక నియమం లేదు. పిండం ఇంకా చిన్న కణాల ముద్దగా ఉన్నప్పుడే ఒక్కో కణం తనంతట తాను ఒక ఎక్స్‌ను మూసేస్తుంది. ఒక కణంలో తల్లి ఇచ్చినది మూతపడుతుంది, పక్క కణంలో తండ్రి ఇచ్చినది. ఒకసారి మూశాక ఇక మార్పు లేదు. ఆ కణం రెండవుతుంది, నాలుగవుతుంది, లక్షలవుతుంది. దాని సంతానమంతా అదే ఎక్స్‌ను మూసే ఉంచుతుంది. (కంగారూల్లో ఇలా కాదు, ఎప్పుడూ తండ్రి ఇచ్చిన ఎక్స్ మాత్రమే మూతపడుతుంది. పిల్లుల్లో కూడా అలాగే ఉండి ఉంటే మూడు రంగుల పిల్లి అనేదే ఉండేది కాదు.) చిట్టి వీపు మీద కనిపించే ఒక్కో ఎర్ర మచ్చా, అది తల్లి గర్భంలో ఉన్నప్పుడు నలుపు ఎక్స్‌ను మూసేసిన కణాల సంతతి. ఒక్కో నల్ల మచ్చా ఎరుపును మూసేసిన కణాల సంతతి.

మీ అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. మూడు రంగుల కూనలు రెండింటికీ ఎరుపు ఎక్స్, నలుపు ఎక్స్ వచ్చాయి. అంతవరకూ సమానమే. కానీ ఏ కణం దేన్ని మూయాలన్నది ఏ పిండంలో దానికి విడిగా, గుడ్డిగా జరిగింది. అది జన్యువుల్లో రాసి ఉండదు, అందుకే అది తల్లి నుంచి బిడ్డకు రాదు.

దీనికి ఇంతకన్నా గట్టి రుజువు అక్కర్లేదు అనిపించే సంఘటన ఒకటి జరిగింది. అమెరికాలో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో రెయిన్‌బో అనే మూడు రంగుల పిల్లి కణం తీసుకుని క్లోనింగ్ చేశారు. 87 పిండాలను వేరే పిల్లుల గర్భాల్లో పెడితే ప్రాణంతో పుట్టింది ఒక్కటే. 2001 డిసెంబరు 22న పుట్టిన ఆ పిల్లికి సీసీ అని పేరు పెట్టారు. ప్రపంచంలో క్లోనింగ్‌తో పుట్టిన మొదటి పిల్లి అదే. రెయిన్‌బోకు, సీసీకి జన్యువులు ఒక్కటే. కానీ సీసీ ఒంటి మీద తెలుపు, నల్లటి చారలే ఉన్నాయి, ఎరుపు ఒక్క వెంట్రుక కూడా లేదు. ఎందుకంటే వాళ్లు తీసుకున్న కణంలో ఎరుపు ఎక్స్ అప్పటికే మూతపడి ఉంది, అది మళ్లీ తెరుచుకోలేదు. సీసీ తర్వాత తను కూడా పిల్లల్ని పెట్టింది, 18 ఏళ్లు బతికి 2020లో పోయింది. జన్యువులు మొత్తం యథాతథంగా దించినా తల్లి మచ్చలు రాలేదంటే, ఇంకో ఈతలో చిట్టిలాంటి పిల్ల పుడుతుందేమో అని చూడటంలో అర్థం లేదని మీకే తెలుస్తుంది.

మీ అమ్మాయికి ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ మూతపడటం పిల్లులకే పరిమితం కాదు. తన ఒంట్లోనూ, మీ ఒంట్లోనూ కూడా ఒక్కో కణం ఒక్కో ఎక్స్‌తో పనిచేస్తోంది. మన చర్మం రంగు జన్యువులు ఎక్స్ మీద లేవు కాబట్టి బయటికి కనిపించదు, అంతే. చెమట గ్రంథులు ఏర్పడకుండా చేసే ఒక జబ్బు ఎక్స్ ద్వారా వస్తుంది. ఆ లోపం ఒక ఎక్స్ మీద మాత్రమే ఉన్న స్త్రీలకు ఒంటి మీద కొన్నిచోట్ల చెమట పడుతుంది, కొన్నిచోట్ల పట్టదు. చిట్టి మచ్చల వెనకున్న లెక్కే అది.

ఇక ఎరుపు జన్యువు అసలు ఏమిటన్నది ఈ మధ్యే తెలిసింది. అది ఎక్స్ మీద ఉందని నూరేళ్లకు పైగా తెలుసు, ఏ జన్యువో మాత్రం దొరకలేదు. రెండు బృందాలు విడివిడిగా పట్టుకున్నాయి. ఒకటి జపాన్‌లో క్యూషూ యూనివర్సిటీకి చెందిన హిరోయుకి ససాకి బృందం, రెండోది అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన క్రిస్టఫర్ కేలిన్, గ్రెగ్ బార్ష్‌ల బృందం. రెండు పరిశోధనలూ 2025 మే నెలలో కరెంట్ బయాలజీ పత్రికలో వచ్చాయి. ససాకి బృందం తమ పనికి కావలసిన డబ్బులో కొంత మామూలు జనం ఇచ్చిన చందాలతో సమకూర్చుకుంది. పిల్లుల మీద ప్రేమతో అంతమంది చేయి కలపడం నాకు చాలా సంతోషం కలిగించింది.

వాళ్లు కనుక్కున్నది ఇది. ఏఆర్‌హెచ్‌గ్యాప్36 అనే జన్యువు దగ్గర ఎర్రపిల్లుల్లో దాదాపు 5,000 అక్షరాల డీఎన్ఏ ముక్క లేదు. జన్యువు బాగానే ఉంది. పోయింది దాన్ని అదుపులో ఉంచే ముక్క. మామూలు పిల్లిలో ఆ జన్యువు రంగు తయారుచేసే కణాల్లో నిద్రపోతూ ఉంటుంది. ఎర్రపిల్లిలో అదుపు పోయింది కాబట్టి అది అక్కడ గట్టిగా పనిచేస్తుంది, నల్ల రంగు తయారుచెయ్యమని కణానికి అందే సంకేతాన్ని మధ్యలోనే ఆపేస్తుంది. నలుపు ఆగిపోతే ఆ కణం ఎరుపు తయారుచేస్తుంది. మనుషుల్లో ఎర్ర జుట్టు దీనివల్ల రాదు, అది వేరే జన్యువు. క్షీరదాల్లో ఎరుపు రంగు ఎక్స్ మీద ఉండటమే అరుదు. అలా ఉంది కాబట్టే మనకు ఈ మూడు రంగుల పిల్లులు దక్కాయి.

తెలుపు సంగతి చెప్పలేదు కదూ. నిజానికి తెలుపు ఒక రంగు కాదు, రంగు కణాలు చేరని చోటు. పిండంలో ఈ రంగు కణాలు వెన్ను పొడవునా పుట్టి, అక్కడి నుంచి ఒంటి నిండా పాకాలి. వాటి ప్రయాణానికి, పెరుగుదలకు కిట్ అనే జన్యువు అవసరం. పిల్లుల్లో ఎప్పుడో పాత కాలంలో ఒక వైరస్ ముక్క ఈ కిట్ జన్యువులో వచ్చి ఇరుక్కుంది. ఆ ముక్క ఉన్న పిల్లుల్లో రంగు కణాలు తక్కువగా ఉంటాయి, అన్నిచోట్లకూ చేరలేవు. అందుకే వెన్నుకు దూరంగా ఉండే పాదాలు, పొట్ట, రొమ్ము ముందు తెల్లగా మిగిలిపోతాయి. చిట్టిని ఒళ్లో పెట్టుకుని తెల్ల వెంట్రుకలు పక్కకు జరిపి చూడండి, కింద చర్మం లేత గులాబీ రంగులో ఉంటుంది.

తెలుపు లేని పిల్లుల్లో ఎరుపూ నలుపూ బాగా కలిసిపోయి, చిన్న చిన్న మరకల్లా కనిపిస్తాయి. తెలుపు ఎక్కువగా ఉన్న చిట్టిలాంటి పిల్లుల్లో మచ్చలు విడివిడిగా, పెద్దగా ఉంటాయి. గోదావరి జిల్లాల వాళ్లకు ఇది చెప్పడం తేలిక. వరి నాట్లు పలచగా వేస్తే ఒక్కో దుబ్బు పెద్దగా కడుతుంది. రంగు కణాలు కొన్నే చేరినచోట ఒక్కోదాని సంతానం ఎక్కువ మేర పరుచుకుంటుంది. మీ రెండు కూనల్లో దేనికి తెలుపు ఎక్కువో, దేని మచ్చలు పెద్దవో మీ అమ్మాయిని చూడమనండి.

అలాగే ఎర్ర మచ్చను దగ్గరగా చూడమనండి. అందులో లేత చారలు కనిపిస్తాయి, నల్ల మచ్చ మాత్రం చారలు లేకుండా నిండుగా ఉంటుంది. చారల్ని కప్పేసి నున్నటి నలుపు ఇచ్చే ఇంకో జన్యువు ఉంది. దాని పని నలుపు మీదే సాగుతుంది, ఎరుపు మీద సాగదు. అందుకే ఎర్రపిల్లి అనగానే చారలుంటాయి.

ఇప్పుడు మీ ఐదో కూన. మీరు పంపిన ఫొటోలో నుదుటి మీద ఎరుపు, చెవి మీద నలుపు స్పష్టంగా ఉన్నాయి కాబట్టి అది నిజంగా మూడు రంగులదే. ఈ మాట ఎందుకంటున్నానంటే, గోధుమ రంగు మీద నల్ల చారలు, పొట్ట తెలుపు ఉన్న మామూలు పిల్లిని చూసి కూడా చాలామంది మూడు రంగులు అంటారు. అలాంటివాటిలో మగవి కావలసినన్ని. మీది అలాంటిది కాదు. కానీ ఆడా మగా అన్నది ఆ ఫొటోలో తెలియడం లేదు. ఈ వయసు కూనల్లో పొరపాటు పడటం చాలా మామూలు. తోక ఎత్తి చూడండి. మలద్వారానికి, కింద ఉన్న ద్వారానికి మధ్య దూరం తక్కువగా ఉండి, కిందిది నిలువు గీతలా ఉంటే ఆడది. మధ్య దూరం ఎక్కువగా ఉండి, అక్కడ చిన్న ఉబ్బులు వేలికి తగిలితే, కింది ద్వారం గుండ్రని చుక్కలా ఉంటే మగది. ఎర్ర మగ కూనను, దీన్ని పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తే తేడా తెలిసిపోతుంది. టీకాకు తీసుకెళ్లినప్పుడు డాక్టరుగారు అర నిమిషంలో చెప్పేస్తారు. అది ఆడదేనని నా అంచనా.

ఒకవేళ నిజంగా మగదే అయితే? అలాంటివి ఉన్నాయి. పశువైద్యులు తరచూ చెప్పే లెక్క ప్రకారం మూడు రంగుల పిల్లులు మూడు వేలుంటే అందులో ఒకటి మగది. ఎక్కువగా వీటికి ఎక్స్, ఎక్స్, వై అని మూడు ఉంటాయి. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు జత విడిపోవడంలో తేడా వచ్చి ఒక ఎక్స్ అదనంగా వచ్చి చేరుతుంది. 1961లోనే ఇలాంటి మగపిల్లుల క్రోమోజోములు లెక్కపెట్టి చూశారు. మనుషుల్లోనూ ఇది ఉంది, క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ అంటారు, 500 నుంచి 1,000 మంది మగపిల్లల్లో ఒకరికి వస్తుంది. రెండు పిండాలు తొలి దశలోనే కలిసిపోయి ఒకే పిల్లిగా పుట్టడం వల్ల కూడా మూడు రంగుల మగది రావచ్చు, అది ఇంకా అరుదు.

ఎక్స్‌ఎక్స్‌వై మగపిల్లికి పిల్లలు పుట్టరు. అంటే దాన్ని కొని వంశం పెంచుదామనుకునే వాళ్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. లక్షలు పోసి ఎవరు కొంటారు, ఎందుకు కొంటారు? అదృష్టం అన్న మాటంటారా, జపాన్ నావికుల్లో ఆ నమ్మకం ఉంది, మూడు రంగుల మగపిల్లి ఓడలో ఉంటే ప్రయాణం క్షేమంగా సాగుతుందని. 1956లో అంటార్కిటికాకు బయల్దేరిన జపాన్ బృందం తకేషి అనే మూడు రంగుల మగపిల్లిని వెంట తీసుకెళ్లింది కూడా. అక్కడ ఆడవాటికీ అంతే గౌరవం. వకయామాలో కిషి అనే చిన్న రైల్వే స్టేషన్‌కు 2007లో తమా అనే మూడు రంగుల ఆడపిల్లిని స్టేషన్ మాస్టరుగా పెట్టారు. దాన్ని చూడటానికి జనం బారులు తీరి, మూతపడేలా ఉన్న ఆ రైలు మార్గం నిలబడింది. తమాకు ఉన్నవన్నీ చిట్టికీ ఉన్నాయి, ఎక్స్‌లు, మచ్చలు, అన్నీ.

ఇంకో ఈత మాటకు వస్తాను. చిట్టి మళ్లీ ఎర్ర గండుపిల్లితోనే కలిసిందనుకోండి. పుట్టే మగవాటిలో సగం ఎరుపు, సగం నలుపు. ఆడవాటిలో సగం ఎరుపు, సగం ఎరుపూ నలుపూ కలిసినవి. పది ఈతలు ఈనినా లెక్క ఇంతే. మూడు రంగుల మగది పుట్టడం వంశపారంపర్యంగా వచ్చే గుణం కాదు, కణం విడిపోవడంలో జరిగే పొరపాటు. దాని కోసం చిట్టిని మళ్లీ మళ్లీ చూలు మోయించడం అన్యాయం. రెండేళ్ల కిందట తడిసి మీ మెట్ల కింద చేరిన ప్రాణి అది. ప్రతి ఈతకూ దాని ఒంట్లో సత్తువ కరిగిపోతుంది. పుట్టిన కూనలన్నిటికీ ఇళ్లు దొరకవు, దొరకనివి రోడ్డు మీదే తిరుగుతాయి. ఈ ఒక్క విషయంలో ఇంట్లో వాళ్ల మాటకు మీరు గట్టిగా అడ్డుపడాలి.

కూనలకు ఏడు వారాలన్నారు. ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉంచండి, ఆ వయసులోనే మొదటి టీకా వేయించండి. డాక్టరుగారు రెండో డోసుకు, రేబిస్ టీకాకు తేదీలు రాసిస్తారు. కూనలు పాలు మానేశాక, చిట్టికి పాలు ఇంకిపోయాక ఆపరేషన్ చేయించవచ్చు, సాధారణంగా రెండు వారాలు ఆగమంటారు. ఈలోగా చిట్టిని బయటికి వదలకండి. పాలిస్తున్న పిల్లికి చూలు రాదనుకుంటారు చాలామంది, కూనలు పాలు తాగుతుండగానే మళ్లీ ఎదకు వస్తుంది, తొమ్మిది వారాల్లో ఇంకో ఈత మీ చేతిలో ఉంటుంది. రాత్రిపూట కిటికీలు, మేడ మీది తలుపు వేసి ఉంచండి. మగ కూనలకు కూడా ఐదారు నెలలకు ఆపరేషన్ చేయించమని తీసుకెళ్లే వాళ్లకు ముందే చెప్పండి. మూడు రంగులది నిజంగా మగదైనా సరే, పిల్లలు పుట్టకపోయినా ఆపరేషన్ మంచిదే, లేకపోతే పెద్దయ్యాక గోడలకూ తలుపులకూ మూత్రం చిమ్ముతుంది.

ఎర్రవాటిని, మూడు రంగులవాటిని అడిగేవాళ్లు ఉంటారు. నలుపు తెలుపు మగ కూనకే ఇల్లు దొరకడం కష్టం. నల్లపిల్లి ఎదురొస్తే శకునం బాగాలేదని మన దగ్గర ఇప్పటికీ వెనక్కి తిరిగి ఇంటికొచ్చేవాళ్లున్నారు. వచ్చినవాళ్లకు చిట్టి వీపు మీది నల్ల మచ్చ చూపించి, ఆ కూన నలుపు సరిగ్గా అదే జన్యువు అని మీ అమ్మాయి చేత చెప్పించండి. అయినా ఎవరూ తీసుకోకపోతే, మీకు వీలైతే దాన్ని చిట్టికి తోడుగా ఉంచుకోండి. ఐదింటిలో ఒకదాన్ని ఉంచుకోవాలంటే నేనైతే దాన్నే ఎంచుకుంటాను.